పాఠకుల ప్రశ్నలు: ఎడ్సాల్ డిస్ట్రాయర్, యుద్ధం లేని ఇరవై ఏళ్లు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయిన అమెరికన్ డిస్ట్రాయర్ ఎడ్సాల్ శిథిలాలు హిందూ మహాసముద్రం అడుగున కనిపించాయని 2024 నవంబరులో ప్రకటించారు. ఆ సందర్భంలో వచ్చిన వ్యాసాలన్నీ ఓడ మునిగిన రోజు గురించే చెప్పాయి. 1920లో నౌకాదళంలో చేరిన ఓడ 1942లో మునిగితే, మధ్యలో ఉన్న ఇరవై ఏళ్లూ అది ఏం చేసినట్టు? యుద్ధం లేని కాలంలో యుద్ధనౌకకు పనేముంటుంది?

జవాబు: ఎడ్సాల్ 1920 నవంబరు 26న నౌకాదళంలో చేరింది, 1942 మార్చి 1న మునిగింది. ఈ ఇరవై ఒక్క ఏళ్ల మూడు నెలల్లో అది యుద్ధంలో ఉన్నది పన్నెండు వారాలు మాత్రమే. చరిత్రకారుల దృష్టి సహజంగానే ఆ పన్నెండు వారాల మీదికీ, అందులోనూ చివరి రెండు గంటల మీదికీ వెళ్లింది. కానీ ఈ ఓడ ఎక్కువమంది జీవితాలను తాకింది యుద్ధంలో కాదు, శాంతికాలంలో. అందుకే మీ ప్రశ్నకు కాస్త విస్తారంగా జవాబు చెప్పవలసి ఉంది.

ముందుగా, ఈ ఓడ పుట్టుకే ఒక విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కోవడానికి అమెరికా పెద్ద సంఖ్యలో డిస్ట్రాయర్లకు, అంటే వేగంగా కదిలే చిన్న యుద్ధనౌకలకు, ఆర్డర్లు ఇచ్చింది. పై డెక్కు ముందు నుంచి వెనుక దాకా మెట్టు లేకుండా ఒకే వరుసలో సాగే ఈ రకం ఓడలు మొత్తం 273 తయారయ్యాయి. వాటిలో క్లెమ్సన్ తరగతికి చెందినవి 156 కాగా, ఎడ్సాల్ అందులో ఒకటి. దాని నిర్మాణం ఫిలడెల్ఫియాలోని విలియం క్రాంప్ నౌకా నిర్మాణశాలలో 1919 సెప్టెంబరు 15న మొదలైంది. అంటే, ఏ యుద్ధం కోసం దాన్ని కట్టాలనుకున్నారో ఆ యుద్ధం ముగిసిన పది నెలలకు! ఆర్డర్లు ఇచ్చేశారు, ఉక్కు వచ్చేసింది, కార్మికులు సిద్ధంగా ఉన్నారు, అందుకని కట్టారు.

సుమారు 1,190 టన్నుల బరువు, 314 అడుగుల పొడవు, దాదాపు 32 అడుగుల వెడల్పు గల సన్నటి ఓడ అది. నాలుగు అంగుళాల ఫిరంగులు నాలుగు, టార్పెడో గొట్టాలు పన్నెండు ఉండేవి. వేగం గంటకు 35 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 65 కిలోమీటర్లు. వరుసగా నిలబడ్డ నాలుగు పొగగొట్టాలు ఈ ఓడలకు గుర్తు కాబట్టి నావికులు వీటిని 'ఫోర్ పైపర్' అని పిలిచేవారు. అలలకు విపరీతంగా ఊగుతాయనీ, మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలనీ వీటికి చెడ్డపేరు ఉండేది. ఈ రెండో సంగతిని గుర్తుంచుకోండి, చివరి ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

తొలి ఏడాదిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. శాన్ డియేగో వైపు ఫిరంగుల సాధన, నౌకాదళ విన్యాసాలు చేసి, 1921 డిసెంబరు చివరికి ఓడ అట్లాంటిక్ తీరంలోని చార్ల్‌స్టన్‌కు తిరిగి వచ్చింది. 1922 మే 26న అక్కణ్ణుంచి బయలుదేరి జూన్ 28న కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, చేరుకుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆ సమయంలో టర్కీ జలాల్లో ఒక చిన్న అమెరికన్ నౌకాదళం ఉండేది. దాని అధిపతి అడ్మిరల్ మార్క్ బ్రిస్టల్ నౌకాదళాధికారి మాత్రమే కాదు, టర్కీలో అమెరికా హై కమిషనర్ కూడా. దౌత్యం, వ్యాపార రక్షణ, సహాయ కార్యక్రమాలు అన్నీ ఆయన బల్ల మీది నుంచే నడిచేవి. పరిస్థితి ఎలా ఉందంటే, ఓటమి పాలైన ఒట్టోమన్ సామ్రాజ్యపు రాజధాని మిత్రరాజ్యాల సైన్యాల ఆక్రమణలో ఉంది. అనటోలియాలో గ్రీకు సైన్యానికీ ముస్తఫా కెమాల్ సేనలకూ యుద్ధం సాగుతోంది. నల్ల సముద్రానికి అవతల రష్యా అంతర్యుద్ధం నుంచి తేరుకోకముందే భయంకరమైన కరవులో చిక్కుకుంది. నమ్మదగిన తంతి సౌకర్యం లేని ఆ ప్రాంతంలో డిస్ట్రాయర్ అంటే ముందుగా ఒక వైర్‌లెస్ కేంద్రం. అమెరికన్ కాన్సుల్ రాసిన నివేదికైనా, కరవు సహాయం పంచేవారి అవసరాల జాబితా అయినా కాన్‌స్టాంటినోపుల్‌కు చేరాలంటే రేవులో లంగరు వేసిన ఓడ మీది వైర్‌లెస్సే దిక్కు. దూతలనూ తపాలానూ అధికారులనూ ఒక రేవు నుంచి మరో రేవుకు చేర్చడం దాని రెండో పని. ఫిరంగులకు పని పడలేదు గాని, ఓడకు మాత్రం తీరిక దొరకలేదు.

అక్కడ ఉన్న రెండేళ్లలో ఎడ్సాల్ టర్కీ, బల్గేరియా, రష్యా, గ్రీసు, ఈజిప్టు, పాలస్తీనా, సిరియా, ట్యునీషియా, ఇటలీ రేవులన్నీ తిరిగింది. 1922 సెప్టెంబరులో స్మిర్నాలో చేసిన పని గురించి మరో పాఠకురాలు విడిగా అడిగారు కనుక దాన్ని ఆ జవాబులో చెబుతాను. 1924 జులై 26న మరమ్మతులకు బోస్టన్ చేరిన ఎడ్సాల్, 1925 జనవరి 3న ఆసియాటిక్ ఫ్లీట్‌లో, అంటే ఆసియా జలాల్లోని అమెరికన్ నౌకాదళంలో, చేరడానికి బయలుదేరింది. గ్వాంటనామో, శాన్ డియేగో, పెర్ల్ హార్బర్‌ల మీదుగా జూన్ 22న షాంఘై చేరింది.

ఆ తేదీ గమనించదగ్గది. మే 30న షాంఘై అంతర్జాతీయ నివాస ప్రాంతంలో బ్రిటిష్ అజమాయిషీలోని పోలీసులు చైనా ప్రదర్శకుల మీద కాల్పులు జరిపారు. ఆ తర్వాత నగరమంతా సమ్మెలు, విదేశీ వస్తు బహిష్కరణ. మూడు వారాలు దాటాక ఎడ్సాల్ ఆ రేవులో అడుగుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో బలవంతంగా కుదుర్చుకున్న అసమాన ఒప్పందాల వల్ల విదేశీ యుద్ధనౌకలు చైనా రేవుల్లోకే కాక నదుల్లోకి కూడా వెళ్లే హక్కు పొందాయి. సముద్రం నుంచి యాంగ్‌జీ నదిలో వెయ్యి కిలోమీటర్ల లోపల ఉన్న హాంకౌ దాకా ఈ డిస్ట్రాయర్ వెళ్లి లంగరు వేసేదంటే, పరిస్థితి ఊహించవచ్చు. 'అమెరికన్ల ప్రాణాలనూ ప్రయోజనాలనూ రక్షించడం' అని ఆదేశాల్లో రాసి ఉండే మాటకు ఒడ్డున నిలబడి చూస్తున్న చైనా పౌరుడికి వేరే అర్థం తోచి ఉంటుంది. అది తప్పు అర్థమని నేను అనలేను. 1927 మార్చి 24న నాన్‌జింగ్‌లో విదేశీయుల మీద దాడులు జరిగినప్పుడు ఇదే రకానికి చెందిన నోవా, విలియం బి. ప్రెస్టన్ అనే డిస్ట్రాయర్లు బ్రిటిష్ క్రూజర్ ఎమరాల్డ్‌తో కలిసి నగరంలోకి గుళ్లు పేల్చాయి. చూపించడానికని తెచ్చిన ఫిరంగులు ఎప్పుడో ఒకప్పుడు పేలుతాయి.

తర్వాతి పదహారేళ్లూ ఎడ్సాల్ జీవితం దాదాపు రుతువులను బట్టి నడిచింది. చలికాలం ఫిలిప్పీన్స్‌లోని మనీలా. వేసవిలో ఉత్తర చైనాలోని చీఫూ, అంటే ఇప్పటి యన్‌తాయ్. మధ్యలో షాంఘై, హాంకాంగ్, నాన్‌జింగ్, కోబె, బ్యాంకాక్. ఫిరంగుల సాధన, టార్పెడో సాధన, రాత్రి విన్యాసాలు, మళ్లీ లంగరు. 1931లో మంచూరియా, 1932లో షాంఘై, 1937 నుంచి చైనా అంతటా జపాన్ యుద్ధం. అమెరికా తటస్థంగా ఉంది కాబట్టి ఈ ఓడలు ఆ యుద్ధానికి సాక్షులు మాత్రమే. 1937 డిసెంబరు 12న నాన్‌జింగ్ సమీపంలో అమెరికన్ గన్‌బోటు పనాయ్‌ను జపాన్ విమానాలు ముంచినప్పుడు కూడా క్షమాపణతో, నష్టపరిహారంతో వ్యవహారం ముగిసింది.

ప్రశ్న: స్మిర్నా తగలబడుతుంటే రేవులోని విదేశీ యుద్ధనౌకలు చూస్తూ ఊరుకున్నాయని ఒకచోట, అవే ఓడలు వేలమందిని రక్షించాయని మరోచోట చదివాను. ఎడ్సాల్ ఈ రెంటిలో ఏ పని చేసింది?

జవాబు: మీరు చదివిన రెండూ నిజమే. తేదీల వారీగా చూస్తే వైరుధ్యం కనిపించదు.

1919 మేలో గ్రీకు సైన్యం దిగిన స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్, 1922 సెప్టెంబరు 9న తిరిగి టర్కీ సేనల చేతికి వచ్చింది. లోతట్టు ప్రాంతాల నుంచి పారిపోయి వచ్చిన గ్రీకులు, ఆర్మీనియన్లు లక్షల సంఖ్యలో సముద్రపు ఒడ్డున గుమిగూడారు. రేవులో బ్రిటిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, అమెరికన్ యుద్ధనౌకలు సుమారు ఇరవై ఉన్నాయి. అందరికీ అందిన ఆదేశం ఒకటే: మీ దేశ పౌరులను రక్షించండి, మిగతావాటిలో తటస్థంగా ఉండండి. సెప్టెంబరు 13న ఆర్మీనియన్ పేటలో మంటలు లేచి నగరాన్ని చుట్టుముట్టాయి. నిప్పు పెట్టిందెవరన్న దాని మీద గ్రీకు, ఆర్మీనియన్, టర్కీ కథనాలు నేటికీ వేర్వేరుగా ఉన్నాయి. టర్కీ సైనికులే పెట్టారని ఆనాటి విదేశీ సాక్షులు చాలామంది రాశారు. ముందు సముద్రం, వెనుక మంట, మధ్యలో జనం. ఆ రాత్రి తటస్థత అనే మాటకు అర్థం లేకుండా పోయింది. ఒక్కొక్క ఓడా పడవలు దింపడం మొదలుపెట్టింది.

అమెరికన్ డిస్ట్రాయర్ లిచ్‌ఫీల్డ్ తన డెక్కు నిండా జనాన్ని ఎక్కించుకుంది. 14న స్మిర్నా వచ్చిన ఎడ్సాల్, ఆ ఓడ మీది నుంచి ఆరు వందల మందికి పైగా శరణార్థులను తన మీదికి తీసుకుని సలోనికా, నేటి థెస్సలొనీకి, చేర్చింది. నూట ఇరవై మందికి అటూ ఇటూ సిబ్బంది ఉండే ఓడలో అదనంగా ఆరు వందల మంది అంటే, కూర్చోవడానికి కూడా చోటు లేని స్థితి. 16న తిరిగి వచ్చిన తర్వాత ఎడ్సాల్ అక్కడి అమెరికన్ ఓడలకు నాయక నౌక అయింది. దాని అధిపతి హాల్సీ పవెల్ అక్కడి అమెరికన్ నౌకాదళాధికారులందరికీ పెద్ద.

నా అభిప్రాయంలో ఎడ్సాల్ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఆ ఆరు వందల మందిని చేరవేయడం కాదు, ఆ తర్వాత వచ్చిన రెండు వారాలు. మూడు నాలుగు డిస్ట్రాయర్లు ఎన్నిసార్లు తిరిగినా లక్షల మందిని తరలించడం జరిగే పని కాదు. అందుకు పెద్ద పెద్ద వాణిజ్య నౌకలు కావాలి. అవి పక్కనే లెస్బోస్ దీవిలోని మితిలీనీ రేవులో ఖాళీగా ఉన్నాయి, కానీ అవి గ్రీకు ఓడలు. టర్కీ అధికారులు సెప్టెంబరు 30లోగా శరణార్థులు వెళ్లిపోవాలని గడువు పెట్టారు. యుద్ధవయస్కులైన మగవారిని, అంటే 18 నుంచి 45 ఏళ్ల వారిని, వెళ్లనివ్వబోమన్నారు. గ్రీకు జెండాతో ఏ ఓడా రేవులోకి రాకూడదన్నారు.

ఈ చిక్కుముడిని విప్పింది ఏసా జెన్నింగ్స్ అనే వ్యక్తి. క్షయవ్యాధి వల్ల వెన్ను వంగిపోయిన పొట్టి మనిషి, వైఎంసీఏలో చిరుద్యోగి. ఏ అధికారమూ లేని ఆయన మితిలీనీ వెళ్లి, గ్రీకు యుద్ధనౌక కిల్కిస్ మీది నుంచి ఏథెన్స్‌కు రహస్య సంకేతాల్లో సందేశాలు పంపించాడు. ప్రభుత్వం తటపటాయిస్తుంటే, ఇక సంకేతాలు లేకుండా అందరూ వినేలా పంపిస్తానని బెదిరించాడు. అంటే, తన ప్రజలను రక్షించడానికి గ్రీసు తన ఓడలను ఇవ్వనంటోందని ప్రపంచమంతా వింటుంది. ఓడలు దొరికాయి. (కిల్కిస్ ఒకప్పుడు అమెరికన్ నౌకాదళంలో మిసిసిపి అనే పేరుతో ఉండేది, 1914లో గ్రీసు దాన్ని కొనుక్కుంది.) సెప్టెంబరు 24న మొదటి ఓడల వరుస అమెరికన్ డిస్ట్రాయర్ తోడుగా, గ్రీకు జెండా లేకుండా స్మిర్నా రేవులోకి వచ్చింది. పవెల్ తన పై అధికారుల స్పష్టమైన ఆదేశాల కోసం ఎదురుచూస్తూ కూర్చోక జెన్నింగ్స్‌కు అండగా నిలిచాడు. ఓడలకు తోడు ఇచ్చాడు, ఒడ్డున క్రమం తప్పకుండా జనం ఎక్కేలా నావికులను నిలబెట్టాడు. గడువు ముగిసేసరికి రెండు లక్షల పైచిలుకు మంది ఆ నరకం నుంచి బయటపడ్డారు. అక్టోబరులో కూడా ఎడ్సాల్ స్మిర్నా నుంచి మితిలీనీకి శరణార్థులను చేరవేసింది.

కాబట్టి మొదటి నాలుగు రోజుల నిష్క్రియత ప్రభుత్వాలది, అడ్మిరళ్లది. ఆ తర్వాతి సాహసం ఎక్కువగా ఓడల మీద ఉన్న మనుషులది. అయితే వెళ్లనివ్వని మగవారిని వరుసలో నుంచి లాగి లోతట్టుకు తీసుకుపోతుంటే ఆ నావికులు కూడా చూస్తూ ఉండవలసి వచ్చింది. వారిలో చాలామంది తిరిగి రాలేదు.

ప్రశ్న: ఎడ్సాల్ అనే పేరు ఎవరిది?

జవాబు: నార్మన్ ఎడ్సాల్ అనే సామాన్య నావికుడిది. 1899 ఏప్రిల్ 1న సమోవాలో ఒడ్డుకు దిగిన అమెరికన్ దళంలో ఉన్నాడు. గాయపడ్డ తన అధికారి లెఫ్టినెంట్ లాన్స్‌డేల్‌ను సురక్షిత ప్రాంతానికి మోసుకుపోబోతూ మరణించాడు. 1920 జులై 29న ఓడను నీటిలోకి దింపినప్పుడు ఆ కార్యక్రమం చేసింది ఆయన సోదరే.

ప్రశ్న: అంత పాత ఓడను 1941 దాకా ఎందుకు వాడారు? కొత్తవి కట్టుకోలేదా?

జవాబు: చేతిలో వందల సంఖ్యలో ఉన్న ఓడలే కొత్తవాటికి అడ్డమయ్యాయి. 273 డిస్ట్రాయర్లు ఉన్న నౌకాదళం మరికొన్ని కావాలని అడిగితే శాసనసభ ఎందుకు డబ్బిస్తుంది? 1930 నాటి లండన్ నౌకాదళ ఒప్పందం డిస్ట్రాయర్ల మొత్తం బరువు మీద కూడా పరిమితి పెట్టింది. అమెరికా వాటా 1,50,000 టన్నులు. 1921కి ముందు నిర్మాణం మొదలైన డిస్ట్రాయర్ పన్నెండేళ్లకు వయసు మీరినట్టు లెక్క అని కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. ఆ లెక్కన ఎడ్సాల్ 1932కే వృద్ధురాలు. కొత్త తరంలో మొదటిదైన ఫారగట్ 1934లో గాని నౌకాదళంలో చేరలేదు. ఆ తర్వాత వచ్చిన కొత్త ఓడలు ప్రధాన నౌకాదళానికి వెళ్లాయి. దూరాన ఉన్న ఆసియాటిక్ ఫ్లీట్‌కు పాతవే మిగిలాయి. 1941 చివరికి ఆ దళంలో ఉన్న 13 డిస్ట్రాయర్లూ నాలుగు పొగగొట్టాలవే.

ప్రశ్న: ఇరవై ఏళ్ల విన్యాసాలు చివరి రోజున ఏమైనా పనికొచ్చాయా?

జవాబు: ఓడను కాపాడేంతగా కాదు. కానీ పనికిరాలేదని అనడానికీ లేదు.

యుద్ధం మొదలైనప్పుడు ఎడ్సాల్ బోర్నియోలోని బాలిక్‌పాపన్‌లో ఉంది. డిసెంబరులో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ సిబ్బంది కోసం వెతికింది. 1942 జనవరి 20న డార్విన్ వద్ద ఆస్ట్రేలియన్ ఓడలతో కలిసి జపాన్ జలాంతర్గామి ఐ-124ను ముంచడంలో పాల్గొంది. ఫిబ్రవరి 27న బాంబు దాడికి గురైన లాంగ్లీ నౌక సిబ్బందిని విపుల్ అనే డిస్ట్రాయర్‌తో కలిసి రక్షించి, వారిని పెకోస్ అనే మరో ఓడకు అప్పగించింది. స్మిర్నాలో చేసినలాంటి పనే, ఇరవై ఏళ్ల తర్వాత, తన దేశస్థుల కోసం.

మార్చి 1 మధ్యాహ్నం జావాకు దక్షిణాన అది జపాన్ విమానవాహక దళానికి ఎదురుపడింది. హియేయ్, కిరిషిమా అనే యుద్ధనౌకలు, టోనె, చికుమ అనే క్రూజర్లు కాల్పులు మొదలుపెట్టాయి. జపాన్ నౌకలు పేల్చిన గుళ్లు 1,300కు పైనే. తగిలినవి ఒకటో రెండో. పెద్ద మలుపు తప్ప తిరగలేదని పేరుపడ్డ ఓడ, పొగతెర వేస్తూ, వేగమూ దిశా మారుస్తూ గంటకు పైగా తప్పించుకుంది. ఆ ఓడను నడిపిన లెఫ్టినెంట్ జాషువా నిక్స్, ఆయన కింద ఇంజను గదిలో పనిచేసినవారు ఎంత నేర్పరులో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. చివరికి విమానవాహక నౌకల నుంచి డైవ్ బాంబర్లను రప్పించవలసి వచ్చింది. ఓడలోని దాదాపు రెండు వందల మందిలో కొద్దిమందిని చికుమ నీటిలోంచి పైకి తీసింది. వారిలో ఒక్కరూ ప్రాణాలతో ఇల్లు చేరలేదు. యుద్ధానంతరం సెలెబెస్ దీవిలోని కెండారి వద్ద సమాధుల్లో కొందరి అవశేషాలు బయటపడ్డాయి.

ఓడ మునిగే దృశ్యాన్ని జపాన్ వారు చిత్రీకరించారు. అందులోంచి తీసిన ఒక బొమ్మను తమ ప్రచారంలో వాడుకుంటూ, దాని కింద 'బ్రిటిష్ డిస్ట్రాయర్ పోప్' అని రాశారు. పోప్ బ్రిటిష్ ఓడ కాదు. అదీ అమెరికన్ క్లెమ్సన్ తరగతిదే, క్రాంప్ నిర్మాణశాలలోనే కట్టినది, అదే రోజు మరో చోట మునిగినది.